నెల్లూరులో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ: మహిళా ఉద్యోగులు రెండు మూడేళ్లకే ఎందుకు మానేస్తున్నారు?

ప్రశ్న: మాగుంట లేఅవుట్ వాసి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో తొమ్మిదేళ్లుగా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాను. అమెరికా తూర్పు తీరాన ఉన్న ఒక బీమా కంపెనీకి క్లెయిముల లెక్కలు చూసే ప్రోగ్రాములు రాసిపెట్టడం మా పని. మొత్తం 19 మందిమి ఉన్నాం. ఏడాదిన్నర క్రితం మాలో 8 మంది మహిళలు ఉండేవారు, ఇప్పుడు ఐదుగురే మిగిలారు. మానేసిన ముగ్గురూ పని క్షుణ్ణంగా తెలిసినవారే. ముగ్గురి రాజీనామా పత్రాల్లోనూ 'కుటుంబ కారణాల వల్ల' అనే ఒకే మాట ఉంది. నేను ఆ మాటను అలాగే నమ్మి, శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి పంపించాను.

ఈ మధ్య ఆ ముగ్గురిలో ఒకరు చెన్నైలో మరో కంపెనీలో చేరారని తెలిసింది. కుటుంబం అదే, ఊరు దూరమైంది, ఖర్చు పెరిగింది, అయినా ఆమె ఉద్యోగం చేస్తూనే ఉన్నారు. అది విన్న నాటి నుంచి నాకు మనసు స్థిమితంగా లేదు. ఆమె మానేయడానికి కారణం నా ఆఫీసులోనే ఉండి ఉంటుందన్న అనుమానం పట్టుకుంది.

మన ప్రాంతంలో ఈ చదువు చదివిన అమ్మాయిలకు కొదవ లేదు. రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్లలో మూడో వంతు అమ్మాయిలకు కేటాయించే పద్ధతి చాలాకాలంగా ఉంది. మా దగ్గరికి ఇంటర్వ్యూలకు వచ్చేవారిలో సగం మంది దాకా అమ్మాయిలే. చేరేటప్పుడు కనబడని ఇబ్బంది రెండు మూడేళ్లకు ఎక్కడి నుంచి పుట్టుకొస్తోంది? పెద్ద కంపెనీల మాదిరిగా పిల్లల సంరక్షణ కేంద్రాలు నడిపే స్తోమత మాకు లేదు. చిన్న సంస్థ ఏం చేయగలదో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను. నేను నొచ్చుకుంటానని మొహమాటపడవద్దు.

జవాబు: కావలి ఆడపడుచు

అయ్యా, 'కుటుంబ కారణాలు' అన్నది అబద్ధం కాదు గానీ సగం మాట. యజమాని మనసు నొప్పించకుండా, ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఆగిపోకుండా, రేపు మరో కంపెనీవారు ఫోన్ చేసి వాకబు చేసినా చెడ్డమాట రాకుండా బయటపడటానికి అంతకన్నా క్షేమమైన మాట మాకు దొరకదు. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టింగ్‌లో పదకొండేళ్లు పనిచేసి నేనూ అదే రాసి వచ్చాను.

ఆ ముగ్గురి రాజీనామా తేదీలు బయటకు తీసి, ఒక్కొక్కరికీ అంతకు ముందు ఆరు నెలల్లో ఆఫీసులో ఏం మారిందో పక్కన రాసుకోండి. మీ క్లయింటు తూర్పు తీరంవారు అన్నారు కాబట్టి ఒక సంగతి చెబుతాను. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. వాళ్లకు ఉదయం తొమ్మిదైతే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, నవంబరు నుంచి మార్చి దాకా ఏడున్నర. వాళ్ల లెక్కలో రోజూ మీతో మాట్లాడే కాల్ వేళ మారలేదు. మీ లెక్కలో ఒక్క గంటే జరిగింది. బుచ్చిరెడ్డిపాళెం నుంచో పొదలకూరు నుంచో వచ్చిపోయే అమ్మాయికి మాత్రం ఆ ఒక్క గంటతో తెలిసినవాళ్లు తోడుండే బస్సు తప్పిపోతుంది, బస్టాండులో ఒంటరిగా నిలబడవలసి వస్తుంది, ఇల్లు చేరేసరికి పది కావస్తుంది, నాలుగు రోజులు అలా జరిగితే ఇంట్లో 'ఎందుకమ్మా నీకీ ఉద్యోగం' అన్న మాట మొదలవుతుంది. ఆమె పత్రంలో రాసే కుటుంబ కారణం ఇదే.

రెండోది, ఎవరి లెక్కలోకీ రాని పని. మీ ఆఫీసులో మీటింగ్ ముగిశాక మాట్లాడుకున్న సంగతులు రాసి అందరికీ పంపేది ఎవరు? కొత్తగా చేరినవారి పక్కన వారం రోజులు కూర్చొని పని నేర్పేది ఎవరు? పుట్టినరోజుకు చందాలు పోగుచేసి కేకు తెప్పించేది ఎవరు? నేను పనిచేసిన చోట ఇవన్నీ 'నువ్వైతే చక్కగా చేస్తావమ్మా' అన్న మెచ్చుకోలుతో నా మీదే పడేవి. ఏడాది పనితీరు చూసే అప్రైజల్ నాడు మాత్రం 'ఈ ఏడాది కొత్తగా ఏమీ చేయలేదు కదా' అన్నారు. చేతితో చేసే టెస్టింగ్ నుంచి, ఆ పరీక్షలను కంప్యూటరే చేసేలా ఆటోమేషన్ స్క్రిప్టులు రాసే పనికి మార్చమని నాలుగేళ్లు అడిగాను. నా దగ్గర పని నేర్చుకున్న అబ్బాయి రెండో ఏడాదికే అటు వెళ్లాడు. వాడి మీద నాకు కోపం లేదు, వాడు తెలివైనవాడే. కానీ నన్ను అడగకుండానే 'ఆమెకు చంటిబిడ్డ ఉంది, కొత్త బాధ్యత ఎందుకులే' అని నా తరఫున ఎవరో నిర్ణయించేశారు. నేను బయటికి వచ్చేనాటికి ఇంట్లో పసిబిడ్డ ఉన్న మాట నిజమే. బిడ్డ లేకపోయినా వచ్చేసేదాన్ని.

జవాబు: ఒంగోలు లెక్కల మనిషి

ఒంగోలులో చిన్న సంస్థలకు జీతాలు, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) లెక్కలు చూసిపెడుతుంటాను. పై సోదరి చెప్పినవి నాకు తెలిసిన విషయాలు కావు, అందుకని చట్టం వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను, ఎందుకంటే మీ పరిమాణంలో ఉన్న సంస్థలు చాలామటుకు ఇవి పెద్ద కంపెనీలకే వర్తిస్తాయనే భ్రమలో ఉన్నాయి.

పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసినవారో ఇటువంటి వ్యవహారాలు తెలిసినవారో ఒకరు బయటి నుంచి ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల లోపు ఫిర్యాదు చేయాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలల దాకా గడువు పెంచవచ్చు, విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. సంస్థ సమకూర్చిన వాహనంలో జరిగినా అది పని ప్రదేశంలో జరిగినట్టే లెక్క. 10 మంది కన్నా తక్కువ ఉన్న చోట్ల పనిచేసేవారు జిల్లా స్థాయి స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. మీరు 19 మంది అన్నారు గానీ కమిటీ ఊసెత్తలేదు. లేకపోతే ఈ వారమే వేయండి, సభ్యుల పేర్లు గోడ మీద కనబడేలా పెట్టండి.

ప్రసూతి సెలవు సంగతి. 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు జీతంతో కూడిన సెలవు వచ్చింది. పిల్లల సంరక్షణ కేంద్రం తప్పనిసరి అన్నది 50 మంది, అంతకు మించి ఉన్నచోటే, కాబట్టి ఆ బెంగ మీకు అక్కరలేదు. నెల జీతం 21,000 దాకా ఉండి ఈఎస్‌ఐలో నమోదైన ఉద్యోగినికి, నిబంధన ప్రకారం చందా రోజులు నిండి ఉంటే, ఆ 26 వారాల భృతి ఈఎస్‌ఐ వారే చెల్లిస్తారు. అంతకు మించిన జీతగాళ్ల విషయంలో భారం సంస్థదే. చిన్న సంస్థకు అది తేలికైనది కాదని నేనూ ఒప్పుకుంటాను, అందుకే ఏటా కొంత పక్కన తీసిపెట్టమని నా దగ్గరికి వచ్చేవారికి చెబుతుంటాను. ఆ ఖర్చుకు జడిసి ఇంటర్వ్యూలో 'పెళ్లెప్పుడు చేసుకుంటారు' అని అడిగే యజమానులను కళ్లారా చూశాను. మీరు ఆ ప్రశ్న అడుగుతుంటే నేటితో మానేయండి.

ఇంకొక్క మాట, రాయడానికి చిన్నదే అయినా. అద్దె భవనాల్లో ఒక అంతస్తు తీసుకొని నడిపే ఆఫీసులు కొన్నింటిలో అందరికీ కలిపి ఒకే మరుగుదొడ్డి ఉంటుంది, అందులో మూత ఉన్న చెత్తబుట్ట కూడా ఉండదు. దీన్ని ఏ అమ్మాయీ నోరు తెరిచి అడగదు. మీరే వెళ్లి చూసుకోండి.

జవాబు: కందుకూరు విశ్రాంత ఉపాధ్యాయుడు

నాయనా, నేను సాఫ్ట్‌వేర్ ఎరగను. మా అమ్మాయి హైదరాబాదులో ఆ ఉద్యోగం చేస్తోంది. సెలవులకు వచ్చి వెళ్లేటప్పుడు ఒంగోలులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వస్తుంటాను. రాత్రిళ్లు కాల్స్ ఉంటాయని తెలిసినప్పుడు ఉద్యోగం మానేయమని మొదట అన్నది అల్లుడు కాదు, అత్తవారు కాదు, నేనే. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, నా కూతురు దగ్గరికి వచ్చేసరికి నా నోట ఆ మాట వచ్చింది.

నా మనసు మారడానికి కారణం చెబుతాను. వాళ్ల టీమ్ లీడ్ ఒక శనివారం ఇళ్లవారిని ఆఫీసుకు పిలిచింది. మా అమ్మాయి ఎక్కడ కూర్చుంటుందో, ఎవరితో పనిచేస్తుందో, రాత్రి ఎవరు ఎలా ఇంటికి చేరుస్తారో చూపించింది. అంతకన్నా ముఖ్యంగా, మా అమ్మాయి రాసిన ప్రోగ్రాము ఆగిపోతే ఎన్ని వేల మందికి డబ్బులు అందకుండా పోతాయో ఆ పిల్ల చేతనే మాకు చెప్పించింది. అప్పటిదాకా నా కూతురు జీతం ఎంతో నాకు తెలుసు గానీ పని ఏమిటో తెలియదు. 1923లో పొణకా కనకమ్మగారు నెల్లూరులో కస్తూరీదేవి విద్యాలయం స్థాపించిన నాడు ఆడపిల్లను గడప దాటించడానికి ఇళ్లలో ఎన్ని సందేహాలు ఉండేవో, పేరు మార్చుకొని అవే ఇప్పటికీ మాలో ఉన్నాయి. మీ ఊళ్లో అందరివీ దగ్గరి ఊళ్లే కాబట్టి తల్లిదండ్రులను, అత్తమామలను, భర్తలను ఒక పూట పిలవడం కష్టం కాదు.

జవాబు: ట్రిపుల్ ఐటీ ఒంగోలు, చివరి ఏడాది

ఉద్యోగ ప్రకటన చూసినప్పుడు నేనూ నా స్నేహితురాళ్లూ మొదట వెతికేది ఆ సంస్థలో ఐదేళ్ల పైబడి పనిచేస్తున్న మహిళ ఒక్కరైనా ఉన్నారా అన్నది. ఉంటే ఆమెకు సందేశం పెట్టి అడుగుతాం. ఎవరూ లేకపోతే, జీతం బాగున్నా, అక్కడ రెండేళ్లు పని నేర్చుకొని బయటికి రావాలనే లెక్కతోనే చేరతాం. అంకుల్ గారి సంస్థలో రెండేళ్లకే మానేయడం వెనుక ఈ లెక్క కూడా కొంత ఉండవచ్చు.

ప్రశ్న వేసినవారు: మాగుంట లేఅవుట్ వాసి

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. కావలి సోదరి చెప్పినట్టు తేదీలు తీశాను. ఇద్దరి రాజీనామాలు డిసెంబరులోనూ జనవరిలోనూ ఉన్నాయి. ఇద్దరూ నెల్లూరు బయటి నుంచి వచ్చిపోయేవారే. తొమ్మిదేళ్లలో ఏ నవంబరులోనూ 'ఈ గంట మార్పు మీకు కుదురుతుందా' అని నేను ఎవరినీ అడగలేదు.

మూడో ఆమె, అదే చెన్నైలో చేరినామె, జూన్‌లో వెళ్లారు, కాబట్టి ఆమెకు ఉత్తరం రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. డేటాబేసు నెమ్మదించినప్పుడు పాత క్లెయిములను వేరే పట్టికలోకి మార్చాలని ఆమె ఒక మీటింగులో చెప్పారట, ఎవరూ పట్టించుకోలేదట. రెండు వారాలకు మా సీనియర్ ఒకరు అదే మాట చెబితే అందరం బాగుందన్నాం, ప్రోగ్రాములో కొత్త మార్పులను వివరించే రిలీజ్ నోట్సులో ఆయన పేరే వేశాం. ఆ రెండు మీటింగుల్లోనూ నేను ఉన్నాను. మొదటి దానిలో ఆమె మాట్లాడినట్టు నాకు గుర్తే లేదు, ఆ సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

క్లయింటుతో మాట్లాడి రోజూ ఉండే కాల్‌ను వారానికి రెండు రోజులకు తగ్గించాం, మిగతా రోజుల్లో పని వివరాలు రాతలో పంపుతున్నాం. కాల్ ఉన్న రోజున ఎవరైనా నాలుగున్నరకే బయలుదేరి ఇంటి నుంచి మాట్లాడవచ్చు. దీన్ని మహిళలకే పరిమితం చేయలేదు, మంచాన పడిన తండ్రిని చూసుకుంటున్న ఒక అబ్బాయి అందరికన్నా ముందు దీన్ని వాడుకున్నాడు. మీటింగు వివరాలు రాసే పనికి వరుస పెట్టి మొదటి వంతు నేను తీసుకున్నాను. కమిటీ వేశాం. టెస్టింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి రోజుకు సగం పూట కోడ్ రాసే బృందంతో కూర్చుంటోంది. ఇళ్లవారిని పిలవాలన్న మాస్టారి సలహా సంక్రాంతి తర్వాత అమలు చేస్తాం.

ఒక్క సందేహం మిగిలింది. జూన్‌లో వెళ్లినామెను తిరిగి రమ్మని అడగడం సబబేనా?

జవాబు: కావలి ఆడపడుచు

అడగండి. అయితే వదిలి వెళ్లిన హోదాకూ పాత జీతానికీ కాదు, ఈనాడు ఆమె చెన్నైలో చేస్తున్న పనికి తగినదానికి. అంతకన్నా ముందు, పాత రిలీజ్ నోట్సును సరిదిద్ది ఆమె పేరు చేర్చి, ఆ సంగతి అందరికీ తెలిసేలా రాయండి. ఆమె రాకపోయినా అది చేయవలసిందే.

ఇంకొకటి. మీ దగ్గర ఉన్న ఐదుగురూ నెలకొకసారి మీరు లేకుండా ఒక గంట కూర్చునే ఏర్పాటు చేయండి. సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో, 1990ల మొదట్లో, మన జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో పక్కపక్కన కూర్చొని అక్షరాలు దిద్దుకున్నాకే కదా సారా వల్ల ఎవరికి వారు పడుతున్న బాధ ఊరందరిదీ అని తెలిసింది. ఈ ఐదుగురిలో ప్రతి ఒక్కరూ తన ఇబ్బంది తన ఒక్కదానిదే అనుకుంటూ ఉండవచ్చు. ఆ గంటను మధ్యాహ్నం పని వేళల్లోనే పెట్టండి, సాయంత్రం ఆరు తర్వాత పెట్టవద్దు.