అప్‌డేట్: బరంపురం – అరసవల్లి బస్సులో ఆటలు ఎలా సాగాయంటే

బరంపురం నుంచి అరసవల్లి, శ్రీకూర్మం వెళ్లే మా చుట్టాల బస్సులో పిల్లలూ మామ్మలూ కలిసి ఆడే ఆటలు చెప్పమని అడిగాను కదా. ఆదివారం వెళ్లొచ్చాం.

అంత్యాక్షరి ఇచ్ఛాపురం దాటకముందే ఆగింది. పాట ‘ళ’తోనో ‘ణ’తోనో ముగిస్తే తర్వాతివాళ్లు ఏం పాడతారు? ముందు అక్షరం తీసుకోవచ్చని రూలు పెట్టాక మళ్లీ కదిలింది.

అసలు హిట్టు తంబోలా, అంటే పిలిచిన అంకె తన టికెట్ మీద ఉంటే గుర్తు పెట్టుకునే ఆట; ఒక లైన్ మొత్తం నిండితే బహుమతి. టికెట్‌కి 15 అంకెలు, పిలిచేవి 1 నుంచి 90 దాకా. ఒడియా మీడియం పిల్లలకి ‘డెబ్భై తొమ్మిది’ అర్థం కాదు, మామ్మలకి ఇంగ్లీషులో చెప్తే తలనొప్పి. ప్రతి అంకెనీ తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి పిలిచి నా గొంతు పోయింది. పెద్దత్త పెన్ను వద్దని టికెట్ మీద శనగగింజలు పేర్చుకుంది. పలాస దగ్గర సడన్ బ్రేక్ పడగానే అన్నీ సీటు కింద! “లైన్ అయిపోయిందిరా నాకు, ఇప్పుడే!” అని ఒకటే గొడవ. జీడిపప్పు పొట్లం ఇచ్చేశాను, ఇంకేం చేస్తాను.

నంబర్ ప్లేటు చూసి బండి ఏ జిల్లాదో పోల్చే ఆట చెప్పినవాళ్లకి థాంక్స్. బోర్డర్ దాకా ఓడీ 07, గంజాం బళ్లే. ఆంధ్రాలో 2019 నుంచి కొత్త బళ్లకి జిల్లాకో నంబరు లేదు, జిల్లా పోల్చలేం. అందుకే పాత శ్రీకాకుళం బండి, ఏపీ 30 కనిపిస్తే రెండు పాయింట్లు అన్నాం. పిల్లలు కిటికీలు వదల్లేదు.

మూగసైగల ఆట మాత్రం టిఫిన్‌కి ఆగినప్పుడే ఆడించాం. నడిచే బస్సులో నిలబడితే డ్రైవర్ ఊరుకోడు.