పెద్దవాళ్ల మీద వైఖరిని కొలిచేదెలా?

ప్రశ్న: పీజీ ప్రాజెక్టుకి వృద్ధుల పట్ల యువత వైఖరి కొలుస్తున్నాను. నేరుగా అడిగితే అందరూ ‘పెద్దలంటే గౌరవం’ అనే రాస్తున్నారు. వృద్ధుల పట్ల వైఖరి కొలిచే కోగన్ ప్రశ్నావళి (కోగన్ స్కేలు) వాడదామంటే 1961 నాటిదని మా గైడ్‌గారు మొహం చిట్లిస్తున్నారు. ఏం చేయను?

జవాబు: పాతదని పారేయకండి. అందులో 34 వాక్యాలు, ఒక్కో భావానికి అనుకూలంగా ఒకటి, ప్రతికూలంగా ఒకటి. అన్నిటికీ తలూపేవాళ్లు అక్కడే దొరికిపోతారు. అసలు గౌరవం ఉంటే చిన్నచూపు ఉండదని ఎవరన్నారు? మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ ఫిస్క్ బృందం 2002లో చూపింది అదే: వృద్ధులకు ఆప్యాయతలో ఎక్కువ మార్కులు, సామర్థ్యంలో తక్కువ. ‘పాపం పెద్దాయన, ఆయనకేం తెలుస్తుంది’ అనేవాళ్లు మీ ఫారంలో గౌరవానికే టిక్కు పెడతారు. రెండూ విడివిడిగా అడగండి.

జవాబు: ఐఏటీ (ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్, 1998) కూడా చూడండి. ఇది కంప్యూటర్ మీద పెట్టే పరీక్ష. వృద్ధుల, యువకుల ఫొటోలని మంచి, చెడు మాటలతో జత చేస్తూ మీట ఎంత త్వరగా నొక్కారో లెక్కిస్తుంది కాబట్టి మర్యాద కోసం జవాబు దిద్దుకోవడం కష్టం. అయితే మళ్లీ పెడితే అదే మనిషి స్కోరు మారొచ్చు. గుంపు సగటుకి సరే, ఒక్కరి మీద తీర్పుకి పనికిరాదు.

జవాబు: మరి ‘ఈకాలం పిల్లలు’ అనే ఈసడింపు సంగతో? అవే ప్రశ్నలు పాతికేళ్లవాళ్ల గురించీ పెట్టండి. లేదంటే మీకు దొరికింది వయసు మీద వైఖరో, మనుషులందరి మీదా విసుగో తేలదు.