‘యమదోరి’కి తెలుగు మాట

ప్రశ్న: బోన్సాయ్ పెంపకం మీద ఒక చిన్న పుస్తకం తెలుగు చేస్తున్నాను. అందులో ఒక అధ్యాయమంతా, అడవిలో తనంతట తాను పెరిగిన ఆకురాల్చే చెట్టును తెచ్చి కుండీలో పెంచడం గురించే. అలా తెచ్చిన చెట్టును జపాన్ వాళ్లు యమదోరి అంటారు. ఆ మాటే ఉంచుదామంటే మన చెవికి ముందు యముడే వినిపిస్తున్నాడు. ప్రస్తుతానికి ‘అడవి నుంచి పెకలించి తెచ్చిన వామన వృక్షం’ అని రాశాను. చాంతాడంత అయింది. పొట్టిగా ఏమనొచ్చు?

ఒక జవాబు: ఆ మాటలో యముడు లేడండీ. జపనీస్‌లో యమ అంటే కొండ, తోరి అంటే తీసుకోవడం. రెండూ కలిసేసరికి ‘తో’ కాస్తా ‘దో’ అయింది, మన తల్లీ తండ్రీ కలిసి తల్లిదండ్రులైనట్టు. గసడదవాదేశం మనకొక్కళ్లకే ఉందనుకుంటాం గానీ, అలాంటిదే వాళ్లకీ ఉంది. నన్నడిగితే ‘కొండమాను’ అనండి. వామన వృక్షం మాత్రం ఇక్కడ వద్దు. తవ్వేనాటికి అది ఇంకా వామనం కాలేదు కదా! పైగా వామనుడు పొట్టిగా వచ్చి పెరిగాడు, ఈ చెట్టుది తిరుగు ప్రయాణం.

చెట్లు పెంచే ఒకరి జవాబు: పేరు ఏదైనా పెట్టండి మాస్టారూ, ‘పెకలించి’ మాత్రం కొట్టేయండి. పెకలించేది గాలివాన, లేకపోతే ఏనుగు. అలా లాగితే తల్లివేరు చేతికొస్తుంది, పీచువేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. మాకు కావలసింది ఆ పీచువేళ్లే. చలి చివర్లో, మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చుకోని రోజుల్లో వెళ్తాం. మొదలు చుట్టూ కొంత దూరం వదిలి గాడి తీస్తాం. అడ్డొచ్చిన లావు వేళ్లను రంపంతో నున్నగా కోస్తాం. అడుగున తల్లివేరు కోశాక మట్టిముద్ద కదులుతుంది. దాన్ని చిట్లకుండా తడిగోనెలో చుట్టి తెస్తాం. దీనికి ‘తవ్వి తీయడం’ అన్న మామూలు మాట చాలు. అదీ నేల ఎవరిదో వాళ్లను అడిగి తెచ్చినప్పుడే. అడక్కుండా తెస్తే దానికి తెలుగులో దొంగతనం అనే మాట ముందునుంచీ ఉంది.

మరొకరు: కొండమాను బాగుంది. కానీ ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నారు కదా? ముదిరిన మానును తెచ్చి బోన్సాయ్ ఎలా చేస్తారండీ?

చెట్లు పెంచేవారు: సామెత ఎక్కడికీ పోలేదండీ. మాను వంగదు, మేమూ వంచం, కోస్తాం. మొదలు మీద మూరెడో జానెడో ఉంచి పైదంతా తీసేస్తే, బెరడులో నిద్రపోతున్న మొగ్గలు లేచి కొత్త రెమ్మలు తోస్తాయి. తీగ చుట్టి వంచేది వాటినే. మాను ముసలిదే, రెమ్మ మాత్రం మొక్క వయసుది. అయితే అన్ని జాతులకూ ఇది చెల్లదు. దేవదారు, పైన్ లాంటి వాటికి ఆకంతా తీసేస్తే చాలామటుకు చచ్చిపోతాయి. ఆకురాల్చే జాతులు మానులో, వేళ్లలో పిండిపదార్థం దాచుకుంటాయి కాబట్టి తట్టుకుంటాయి.

ఇంకో మాట కూడా చూసుకోండి. ‘మోడు చిగురించింది’ అని ఎక్కడైనా రాసి ఉంటే, దాని వెంటనే ‘బతికింది’ అని రాయకండి. నా మొదటి చెట్టు దగ్గర నేను బోల్తాపడింది అక్కడే. తెచ్చిన కొన్నాళ్లకే నిండా చిగుళ్లు. సంబరంగా ఎరువు వేశాను. ఎండలు ముదరగానే ఒక్క వారంలో ఆకులన్నీ వేలాడిపోయాయి. నాటిన చెక్కపెట్టెలోంచి తీసి చూస్తే, కోసిన చోట ఒక్క తెల్లటి వేరుమొన లేదు. చిగుళ్లు వచ్చింది మానులో దాచుకున్న తిండితో, కొత్త వేళ్లతో కాదు. అందుకే మేం మూడు మాటలు విడివిడిగా వాడతాం: చిగురించడం, వేరూనడం, కుదురుకోవడం. ఆకులు గట్టిపడి, రెండో విడత రెమ్మలు సాగితే వేరూనిందని ఆశ. కుదురుకోవడానికి ఇంకా రెండు మూడేళ్లు. అప్పటిదాకా చెక్కపెట్టెలోనే, పళ్లెం లాంటి కుండీ జోలికి పోకూడదు.

మొదటి జవాబు ఇచ్చినవారు: ‘కుదురుకోవడం’ భలే పడింది. కుదురంటే చెట్టు మొదట కట్టే పాదు కూడా కదా!

ప్రశ్న అడిగినవారు: మార్చాను, చూడండి: ‘కొండమానును మొగ్గలు విచ్చకముందే తవ్వి తీయాలి. అది చిగురిస్తే పొంగిపోవద్దు, కుదురుకునేదాకా కుండీ మార్చవద్దు.’ ‘పొంగిపోవద్దు’ మూలంలో లేదు. మీ చెట్టు గుర్తుకొచ్చి చేర్చాను.