షెఫ్ అవ్వాలంటే తిరుపతా, హైదరాబాదా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా రాజాం దగ్గర పల్లె. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం, షెఫ్ అవుతానంటున్నాడు. ఏదో సరదాకి అంటున్న మాట కాదు. వాడు ఆవ పెట్టి పనసపొట్టు కూర వండితే మా అమ్మమ్మ కూడా వంక పెట్టలేదు. నాన్న మాత్రం "వంటకి కాలేజీ ఎందుకురా?" అంటున్నారు. ఆయన్ని ఒప్పించడం నా మీద పడింది.

ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ ఐహెచ్‌ఎంలో (హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో) చేరితే వంటతో పాటు ఫ్రంట్ ఆఫీసు (రిసెప్షన్ పని), హౌస్‌కీపింగ్, సర్వీసు (వడ్డన) కూడా చదవాలి. తిరుపతి ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్‌లో బీబీఏ కలినరీ ఆర్ట్స్ (పాకశాస్త్రంలో డిగ్రీ) అయితే చదువంతా వంటగది చుట్టూనే. నా మనసు తిరుపతి వైపే ఉంది. ఎటు వెళ్ళినా కమీగా, అంటే వంటగదిలో కింది స్థాయి వంటవాడిగా మొదలుపెట్టి, షెఫ్ డి పార్టీ (ఒక విభాగం చూసే షెఫ్), సూ షెఫ్ (ప్రధాన షెఫ్ తర్వాతి స్థానం) అంటూ మెట్టు మెట్టూ ఎక్కాల్సిందేనని వాడికి ముందే చెప్పాను. సరే అన్నాడు.

ఈ చదువు చదివినవాళ్ళు దయచేసి చెప్పండి. వంటగదిలోనే స్థిరపడాలనుకునేవాడికి ఏది మేలు? కమీగా చేరాక ఇంటికి కొంత పంపగలిగే జీతం రావడానికి ఎన్నేళ్ళు పడుతుంది? ఓడల్లో, విమానాల కేటరింగ్‌లో, బేకరీల్లో చేస్తున్నవాళ్ళుంటే మీ రోజు ఎలా గడుస్తుందో రాయండి, నాన్నకి చదివి వినిపిస్తాను. ఇంకొకటి, వాడిది తెలుగు మీడియం. ప్రవేశ పరీక్షలోనే ఇంగ్లీషు విభాగం ఉంది. ఇప్పటినుంచి ఎలా చదివించమంటారు?