ఇంజను మార్చాక బరువుతో వేగం అందుకోని ఫైబరు బోటు

ప్రశ్న

ఉప్పాడలో వేటకు వాడుతున్న మా ఫైబరు బోటుకు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే నిషేధ కాలంలో, పాత టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డు ఇంజను తీసి అదే హార్స్‌పవర్ గల కొత్త ఫోర్-స్ట్రోక్ ఇంజను బిగించాము. ఖాళీగా వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు. వలలు, ఐసు, మనుషులతో బయలుదేరితే మాత్రం థ్రాటిల్ పూర్తిగా తిప్పినా 4,500 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దాటడం లేదు. మాన్యువల్ ప్రకారం 5,000 నుంచి 6,000 మధ్య ఉండాలి. లోపం ఇంజనులో ఉందా, బిగింపులో ఉందా?

సమాధానం 1

నమస్కారమండి. ఇంజనును అనుమానించే ముందు పెట్రోలు దారి చూడండి. బోటు బరువుతో పూర్తి వేగంలో ఉండగా ఒకరు పెట్రోలు గొట్టం మీది రబ్బరు బల్బును నొక్కుతూ ఉండాలి. అప్పుడు ఆర్‌పీఎం పెరిగితే ఇంజనుకు ఇంధనం చాలడం లేదని అర్థం. ట్యాంకు మూత మీది గాలి మర తెరవకపోయినా, పాత గొట్టం లోపలి పొర ఊడినా ఇలాగే జరుగుతుంది. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది, తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి, కొత్త ఇంజనుకు కొత్త గొట్టం, నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టడం మంచిది. పాత ట్యాంకులో టూ-స్ట్రోక్ కోసం ఆయిలు కలిపిన పెట్రోలు మిగిలి ఉంటే దాన్ని ఫోర్-స్ట్రోక్ ఇంజనుకు వాడవద్దు.

సమాధానం 2

ఇంజను ఎంత లోతున ఉందో కొలవండి. ప్రొపెల్లరుకు పైన ఉండే అడ్డపలక బోటు అడుగుతో ఇంచుమించు సమానంగా ఉండాలి. 15 అంగుళాల వెనుక పలకకు 20 అంగుళాల షాఫ్టు ఇంజను తగిలిస్తే ఆ 5 అంగుళాల కాలు వృథాగా నీటిని ఈడుస్తూ పోతుంది. బోటును నిషేధ కాలమంతా నీటిలోనే ఉంచి ఉంటే అడుగున పట్టిన గుల్లలను గీకించండి; ఆ గరుకుతనం ఒక్కటే చాలా వేగాన్ని తినేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

బల్బు నొక్కినా మార్పు లేదు. గొట్టం కొత్తదే. అడ్డపలక ఎత్తు సరిగానే ఉంది, అడుగు శుభ్రం చేయించాము. ఖాళీగా ఉన్నప్పుడు 5,300 వస్తోంది.

సమాధానం 3

అయితే ఇంజను ఆరోగ్యంగానే ఉంది, ప్రొపెల్లరు పిచ్ (అది ఒక చుట్టు తిరిగితే ముందుకు సాగాల్సిన దూరం) మీ బరువుకు ఎక్కువైంది. పాత ఇంజనుకు, దీనికి గేరు నిష్పత్తి (ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లరు ఒక చుట్టు తిరుగుతుందో ఆ లెక్క) వేరుగా ఉండవచ్చు కాబట్టి హార్స్‌పవర్ ఒకటే అయినంత మాత్రాన అదే పిచ్ సరిపోదు. పైగా ఇంజనుతో వచ్చే ప్రొపెల్లరు తరచుగా తేలికపాటి బోట్లకు తగినది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. మీకు కనీసం 500 కావాలి కనుక 3 అంగుళాలు తక్కువ పిచ్ గలదాన్ని అరువు తెచ్చి, నిండు బరువుతో పరీక్షించాకే కొనండి. ఖాళీగా వచ్చేటప్పుడు 6,000 దాటకుండా థ్రాటిల్ తగ్గించి నడపాలి. ఇప్పటిలా బరువు మీద 4,500 దగ్గరే పూర్తి థ్రాటిల్‌తో లాగిస్తూ ఉంటే కొత్త ఇంజను త్వరగా అరిగిపోతుంది. అందుకని ప్రొపెల్లరు దొరికేవరకు సగం థ్రాటిల్‌తోనే వెళ్లిరండి.