హైదరాబాద్‌లో బైక్ సర్వీసు, స్పేర్ పార్ట్స్: ఏ కంపెనీది నయం?

నిజాంపేట_నాని:
అందరికీ నమస్తే. కాలేజీ రోజుల నుంచి నడుపుతున్న నా 125 సీసీ బండి ఇక రిటైర్మెంట్ అడుగుతోంది. కొత్తది తీసుకోవాలి. లిస్టులో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, హోండా సీబీ 350, ట్రయంఫ్ స్పీడ్ 400, టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310 ఉన్నాయి. రోజూ హైటెక్ సిటీకి ఆఫీసు, అప్పుడప్పుడు ఊరు. యూట్యూబ్‌లో ఏ రివ్యూ చూసినా సైలెన్సర్ సౌండు, పికప్ గురించే. రెండో ఫ్రీ సర్వీసు దాటాక ఏమవుతుందో చెప్పేవాడు లేడు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. మన సిటీలో ఎవరి సర్వీసు ఎలా ఉంది? పార్టులు టైముకి దొరుకుతున్నాయా? ఒక్క రిక్వెస్టు: మెచ్చుకునేటప్పుడు పేరు చెప్పండి, తిట్టేటప్పుడు షోరూమ్ పేరూ కంపెనీ పేరూ రెండూ వద్దు. పోయినసారి ఇలాంటి చర్చ ఫ్యాన్స్ కొట్లాటగా మారి అడ్మిన్ తాళం వేశాడు.

ఉప్పల్_స్ప్లెండర్:
స్ప్లెండర్ తీసుకోండి. చర్చ సమాప్తం.

కార్ఖానా_బాబాయ్:
పైన ఆయన సరదాగా అన్నా అందులో విషయం ఉంది. స్ప్లెండర్ 1994లో వచ్చింది. అప్పటి నుంచి ఇన్ని లక్షల బండ్లు తిరుగుతున్నాయి కాబట్టి దాని క్లచ్ కేబుల్ ఏ కాలనీ మూల షాపులో అడిగినా మేకుకి వేలాడుతూ ఉంటుంది. షోరూమ్ బాగుందా లేదా అన్న ప్రశ్నే రాదు. నువ్వు చూస్తున్న బండ్లకి ఆ సుఖం లేదు.

నానీ, నువ్వు రెండు విషయాలు కలిపి అడుగుతున్నావు. సర్వీసు వేరు, పార్టుల సప్లై వేరు. సర్వీసు బాగా చేసే సెంటరే పార్టు కోసం నిన్ను నెల తిప్పొచ్చు. పార్టులన్నీ ఉన్న చోట కుర్రాడు చైన్ బిగించడం కూడా సరిగా చేయకపోవచ్చు.

పార్టుల్లోనూ తేడాలున్నాయి. ఆయిల్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్, క్లచ్ ప్లేట్లు, కేబుళ్ళు రోజూ అమ్ముడుపోయేవి. వీటికి ఏ కంపెనీలోనూ పెద్దగా ఇబ్బంది ఉండదు. ఇంజన్ లోపలి సామాను అవసరం అరుదు. అసలు టెన్షన్ అంతా మూడో రకంతో: హెడ్‌లైట్ యూనిట్, మీటర్ కన్సోల్, లాక్ సెట్, వైరింగ్, నీ రంగులో పెట్రోల్ ట్యాంక్. డీలర్ తన డబ్బు పెట్టి స్టాక్ కొంటాడు. ఏడాదికి ఒకటో రెండో పోయే ట్యాంకుని, అదీ నాలుగు రంగుల్లో, ఎందుకు కొని పెట్టుకుంటాడు? ఎవరైనా పడి బండి తెచ్చాకే ఆర్డర్ పెడతాడు. అది కంపెనీ గోదాములో ఉంటే త్వరగా వస్తుంది, లేకపోతే ఫ్యాక్టరీ ఎప్పుడు పంపితే అప్పుడే.

కాబట్టి టెస్ట్ రైడ్‌కి వెళ్ళినప్పుడు సేల్స్ కుర్రాణ్ణి అడగకు. వెనక్కి వెళ్ళి పార్ట్స్ కౌంటర్‌లో అడుగు: "ఈ మోడల్ హెడ్‌లైట్ ఉందా? ధరెంత? లేకపోతే ఎప్పుడొస్తుంది?" మా అన్న కొడుకు బండి కొనేటప్పుడు నేను అదే చేశాను. సేల్స్ వాళ్ళకి నచ్చలేదు, అది వేరే సంగతి.

మణికొండ_మబ్బు:
బాబాయ్ గారు చెప్పిన మూడో రకంలో నేను ఇరుక్కున్నా. తొలకరి చినుకులకి రోడ్డు మీద నూనె తేలుతుంది కదా, సిగ్నల్ దగ్గర మెల్లగా బ్రేక్ వేస్తేనే జారి పడ్డా. నాకు గీతలే, బండికి మాత్రం హెడ్‌లైట్, హ్యాండిల్ బార్, ఫుట్‌రెస్ట్ బ్రాకెట్ పోయాయి. ఇన్సూరెన్స్ సర్వేయర్ వెంటనే వచ్చి ఫోటోలు తీసుకుని అప్రూవల్ ఇచ్చేశాడు. ఇన్సూరెన్స్‌తోనే గొడవ అనుకున్నా, అది నిమిషాల్లో తేలిపోయింది. బ్రాకెట్ మాత్రం రాలేదు. అరచెయ్యంత అల్యూమినియం ముక్క. దాని కోసం బండి వారాల తరబడి షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది, నేను క్యాబులకి డబ్బు తగలేశా. ఫోన్ చేసినప్పుడల్లా "ఆర్డర్ పెట్టాం సార్" అనే మాట.

చివరికి పని చేసింది ఇది. ఆర్డర్ పెట్టామంటే నమ్మకుండా ఆర్డర్ నంబరూ తేదీ వాట్సాప్‌లో పంపమన్నా. అప్పుడు తేలింది, నిజంగా పెట్టింది ఆ వారమే అని. ఆ స్క్రీన్‌షాట్, జాబ్ కార్డ్ (బండి ఇచ్చినప్పుడు పనులు రాసుకునే కాగితం) ఫోటో, ఛాసిస్ నంబర్ కలిపి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ కొట్టి, 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కూడా కంప్లయింట్ పెట్టా. వాళ్ళు దాన్ని కంపెనీకి పంపుతారు. ఆ తర్వాత ఫోన్లు అటు నుంచి రావడం మొదలైంది.

హంటర్_రవ్వ:
ఏ కంపెనీ బ్రో? హింట్ ఇవ్వు.

మణికొండ_మబ్బు:
పెట్రోల్‌తో నడుస్తుంది.

మియాపూర్_మీటియోర్:
ఎన్‌ఫీల్డ్ తరఫున నేను. 350ల్లో పార్టుల విషయంలో ఒక లాభం ఉంది, ఎవరూ చెప్పరు. 2020లో మీటియోర్, 2021లో కొత్త క్లాసిక్, 2022లో హంటర్, 2023లో కొత్త బుల్లెట్ వచ్చాయి. అన్నింటిలోనూ అదే 349 సీసీ ఇంజన్ కుటుంబం. అంటే ఒక మోడల్ కోసం తెప్పించిన ఇంజన్ సామాను చాలావరకు ఇంకోదానికీ పనికొస్తుంది, డీలర్‌కి స్టాక్ పెట్టుకోవడం తేలిక. పాత క్లాసిక్ ఇంజన్ వేరు, సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్ళు అది చూసుకోండి.

సర్వీసు మాత్రం కంపెనీని బట్టి కాదు, సెంటర్‌ని బట్టి. నేను ఇంటి దగ్గరది వదిలేసి కాస్త దూరం వెళ్తా. ఎందుకంటే అక్కడ మెకానిక్‌తో నేరుగా మాట్లాడనిస్తారు, ట్రయల్‌కి నన్ను వెనక ఎక్కించుకుంటాడు. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) దగ్గర టక్‌మనే శబ్దం అలాగే దొరికింది. కాగితం మీద "ముందు వైపు సౌండ్" అని రాసి పోతే వాషింగ్ చేసి ఇచ్చేవారు. ఇంకోటి, శనివారం వెళ్ళకండి. సిటీ సాఫ్ట్‌వేర్ జనమంతా అక్కడే ఉంటారు. మంగళ, బుధ పొద్దున్నే వెళ్తే పనిమంతుడు మెకానిక్ చేతికి బండి పడుతుంది.

అత్తాపూర్_350:
నాది సీబీ 350. సర్వీసు నీటుగా చేస్తున్నారు, బిల్లులో అనవసరపు లైన్లు ఉండవు. కొనే ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఈ బండిని హోండా బిగ్‌వింగ్ అనే వేరే షోరూముల్లో అమ్ముతుంది, సర్వీసూ అక్కడే. యాక్టివా, షైన్ అమ్మే మామూలు హోండా షోరూమ్ ఇంటి ఎదురుగా ఉంది కదా అని లెక్క వేసుకోకండి. మ్యాప్‌లో మీ ఇంటికి బిగ్‌వింగ్ ఎంత దూరమో చూడండి. ఊరికి వెళ్ళే దారిలో ఉందో లేదో కూడా.

హంటర్_రవ్వ:
స్పీడ్ 400కి 16,000 కిలోమీటర్లకోసారి సర్వీస్ అంట కదా. అంటే టెన్షనే లేదు.

కార్ఖానా_బాబాయ్:
16,000 లేదా ఏడాది, ఏది ముందైతే అది. నీ రన్నింగ్‌కి ఏడాదే ముందొస్తుంది. అది కూడా మొదటి సర్వీసు అయ్యాక లెక్క. పైగా అది ఆయిల్ సంగతి. చైన్‌కి లూబ్ 500 కిలోమీటర్లకి ఒకసారి పడాల్సిందే. మెట్రో, ఫ్లైఓవర్ పనుల దుమ్ములో ఎయిర్ ఫిల్టర్ 16,000 దాకా తెల్లగా ఉంటుందా? బజాజ్ చేతిలో ఉంది కాబట్టి ట్రయంఫ్ షోరూములు చకచకా పెరిగాయి, అది మంచిదే.

పుత్లీబౌలి_పోరడు:
అందరూ షోరూమ్ షోరూమ్ అంటున్నరు. కోఠి పక్కన పుత్లీబౌలి, జాంబాగ్ ఉండగా టెన్షన్ ఎందుకన్నా? టూవీలర్ సామాను అంతా ఆడనే. పాత పార్టు చేతిలో పట్టుకొని పోవాలె, అది ముఖ్యం. మొన్న ఫ్రంట్ బ్రేక్ కేబుల్ కోసం పోయిన. సేటు నా పాత కేబుల్‌ని కౌంటర్ మీద పరిచిండు, లోపలికెళ్ళి రెండు తెచ్చి పక్కన పెట్టిండు. చూడనీకి రెండూ ఒకటే. ఒకదాని అంచు మాత్రం గోరంత పొట్టి. "ఇది పాత మోడల్‌ది, హ్యాండిల్ తిప్పితే లాగుతది" అని తీసి లోపల పడేసిండు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే అది ఎవడు చెప్తడు?

కంపెనీది, లోకల్‌ది రెండూ ఉంటయి, అడిగి తీసుకోవాలె. కంపెనీదైతే ప్యాకెట్ మీద పార్ట్ నంబరు, ఎంఆర్‌పీ, తయారైన నెల ఉంటయి. ఆ పార్ట్ నంబర్ ముందే రాసుకొని పోతే సగం పని అయినట్టే. బండి పార్కింగ్‌కి మాత్రం జాగ ఉండదు, మెట్రోలో పోయి నడవండి.

ఎల్బీనగర్_పానా:
నేను మెకానిక్‌ని, సొంత షాపు. తమ్ముడు చెప్పింది కార్బొరేటర్ బండ్లకి నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 (పొగ కాలుష్యం రూల్స్) వచ్చాక లెక్క మారింది. దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్. 2023 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 కూడా, అంటే ఏదైనా సెన్సర్ తేడా వస్తే మీటర్‌లో లైట్ వెలుగుతుంది. ఆ లైటు ఎందుకు వెలిగిందో చదవాలంటే స్కానర్ కావాలి. నా దగ్గర ఒక స్కానర్ ఉంది, కొన్ని కంపెనీల బండ్లే చదువుతుంది. మిగతావి షోరూమ్‌కే పంపిస్తా. ఏబీఎస్ బండ్లలో కొన్నింటికి బ్రేకు గాలి పూర్తిగా తీయాలన్నా కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. "ఏం కాదన్నా, నేను చేసేస్తా" అనే మెకానిక్ దగ్గర కొత్త బండి పెట్టకండి.

లోకల్ పార్టుల మీద నా మాట: అద్దాలు, లెగ్‌గార్డ్, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు లోకల్‌వి వేసుకోండి, పోయేదేం లేదు. బ్రేక్ షూలు, ప్యాడ్లు, చైన్, కోన్‌సెట్, ఫోర్క్ ఆయిల్ సీళ్ళు మాత్రం కంపెనీవే. లోకల్ ప్యాడు డిస్కుని తినేస్తుంది. ప్యాడ్ మీద మిగిలిన డబ్బుకి ఎన్నో రెట్లు డిస్క్‌కి పెట్టాలి. వారంటీ ఉన్నంతకాలం ఇంజన్ పని బయట చేయించకండి, కంపెనీ వాళ్ళు తప్పించుకోవడానికి అదో సాకు.

వానల్లో ఇంకో మాట. నీళ్ళలో బండి ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. ఇంజన్‌లోకి నీళ్ళు పోయాక తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలా పోయిన ఇంజన్‌కి మామూలు పాలసీలో డబ్బు రావడం కష్టం, ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉండాలి. తోసుకుంటూ తెచ్చేయండి.

తార్నాక_రైడరమ్మ:
నా అపాచీతో నాకు ఫిర్యాదు లేదు, క్లచ్ ప్లేట్లు అడిగిన రోజే వేశారు. అంతకు ముందు వేరే కంపెనీ బండి ఉండేది, అక్కడి కథ చెప్తా. బండి నాది, ఆర్‌సీ నా పేరు మీద, సర్వీసు అడ్వైజర్ మాత్రం పక్కనున్న మా తమ్ముడి వైపు చూసి మాట్లాడతాడు. వాడికి స్కూటీ తప్ప ఏదీ రాదు. "మేడమ్‌కి చెప్పండి, ఇంజన్ ఫ్లష్ చేయిస్తే మంచిది" అని వాడితో అనడం!

బిల్లు సంగతి. ఎస్టిమేట్‌లో లేనివి డెలివరీ రోజున కనిపిస్తాయి: టెఫ్లాన్ కోటింగ్, యాంటీ రస్ట్, ఇంజన్ ఫ్లష్, "కన్స్యూమబుల్స్" అని ఒక లైను. ఇప్పుడు నేను జాబ్ కార్డ్ మీదే "ఎస్టిమేట్ దాటితే ఫోన్ చేయాలి, పాత పార్టులు తిరిగి ఇవ్వాలి" అని నా చేత్తో రాసి సంతకం పెడతా. ఓడోమీటర్ రీడింగ్, పెట్రోల్ ఎంతుందో ఫోటో తీస్తా. అప్పటి నుంచి ఆ లైన్లు మాయం. ఇంకోటి: 2025 సెప్టెంబర్ 22 నుంచి బైక్ పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. లేబర్‌కి ముందు నుంచీ 18. పాత స్టాక్ అని 28 వేస్తే ఒప్పుకోకండి.

నిజాంపేట_నాని:
ఇవేవీ షోరూమ్ వాళ్ళు చెప్పలేదు. థ్యాంక్స్ అక్కా. కంపెనీయే దేశం వదిలి వెళ్ళిపోతే? అదో భయం ఉంది.

కార్ఖానా_బాబాయ్:
2020లో అమెరికా కంపెనీ హార్లే డేవిడ్‌సన్ వెళ్ళిపోతామన్నప్పుడు ఓనర్లంతా వణికారు. తర్వాత అమ్మకాలు, సర్వీసు, పార్టులు హీరో మోటోకార్ప్ తీసుకుంది. అందరికీ అలాంటి అదృష్టం పట్టదు. నీ లిస్టులోవి ఎక్కడికీ పోవు, ఇక్కడే తయారవుతాయి. ఇక యమహా ఆర్‌ఎక్స్ 100 చూడు. తయారీ ఆగింది 1996లో. ఈ రోజుకీ సామాను దొరుకుతోంది, ఎందుకంటే కొనేవాళ్ళున్నారు. బయటి కంపెనీలు చేసి అమ్ముతున్నాయి.

నిజాంపేట_నాని:
అప్‌డేట్. లీవు పెట్టి షోరూములన్నీ తిరిగి బాబాయ్ గారి ప్రశ్న అడిగా. ఒక చోట పార్ట్స్ కౌంటర్ ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు: హెడ్‌లైట్ స్టాక్‌లో ఉంది, ట్యాంక్ లేదు, ఫలానా గోదాములో ఉంది అని. ఇంకో చోట "ముందు బండి బుక్ చేయండి సార్, పార్టుల గురించి తర్వాత" అన్నారు. మరో చోట కౌంటర్‌లో మనిషే లేడు, లంచ్ అన్నారు, అప్పుడు టైము పదకొండు. కంప్యూటర్ తిప్పిన చోట క్లాసిక్ బుక్ చేశా. పానా అన్నా, ఫస్ట్ సర్వీసుకి నేను ప్రత్యేకంగా ఏమైనా చూడాలా? ఫ్రీయే కదా?

ఎల్బీనగర్_పానా:
ఫ్రీ అంటే లేబర్ ఒక్కటే. ఆయిల్‌కి, ఫిల్టర్‌కి నువ్వే కట్టాలి. ఎన్‌ఫీల్డ్‌కి మొదటిది 500 కిలోమీటర్లకే పడుతుంది, దాటించకు, ఫ్రీ సర్వీసు తేదీ తప్పితే వారంటీకి పేచీ పెడతారు. పాత ఆయిల్ ఫిల్టర్ చూపించమను. మొదటి ఆయిల్‌లో కొంచెం మెరుపు పొడి ఉంటుంది, అది చూసి భయపడకు, కొత్త ఇంజన్‌లో మామూలే. ఇంటికొచ్చాక డ్రెయిన్ బోల్ట్ దగ్గర వేలు పెట్టి చూడు, తడి ఉంటే అదే రోజు వెనక్కి తీసుకెళ్ళు.