అప్‌డేట్: నాన్నతో రిగ్లీ ఫీల్డ్, ఎండ లేని సీట్లు దొరికాయి

డాలస్ నుంచి మా బేస్‌బాల్ టీమ్ రేంజర్స్ మ్యాచ్ కోసం షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ స్టేడియానికి వెళ్తున్నాం, మధ్యాహ్నం గేమ్, నాన్నకి ఎండ పడదు, ఏ సీట్లు తీసుకోవాలి అని అడిగా కదా, వెళ్లొచ్చేశాం. రిప్లై ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్ అండి.

థర్డ్ బేస్ వైపు (బ్యాటర్ వెనక నుంచి చూస్తే ఎడమ పక్క) 200 నంబర్ల సెక్షన్లు అన్న సలహానే పనిచేసింది. పై డెక్ కప్పులా ఉంటుంది కాబట్టి నీడ, పైగా ఆ వైపు ఎండ త్వరగా తగ్గుతుంది. కాకపోతే అక్కడ ఇనుప స్తంభాలుంటాయి, 1914 నాటి స్టేడియం మరి, బుక్ చేసేముందు ఆ సీటు నుంచి వ్యూ ఫోటో చూసుకోండి, లేకపోతే బంతి విసిరే పిచర్ బదులు స్తంభాన్ని చూస్తూ కూర్చోవాలి.

రిప్లైల్లో పార్కింగ్ గురించి అంత చర్చ అనవసరం, రెడ్ లైన్ ట్రైన్ ఎక్కి ఆడిసన్‌లో దిగితే ఎదురుగానే గేటు. రేంజర్స్ జెర్సీ వేసుకుంటే గొడవేమో అన్న భయం కూడా వేస్టే, పక్కనున్న కబ్స్ (షికాగో టీమ్) ఫ్యాన్ పెద్దాయన, బంతి గోడమీది ఐవీ తీగలో ఇరుక్కుంటే డబుల్ (బ్యాటర్‌కి రెండు బేస్‌లు) ఇస్తారని నాన్నకి ఓపిగ్గా చెప్పాడు. చేత్తో మార్చే ఆ 1937 స్కోర్‌బోర్డ్ మాత్రం నాన్నకి తెగ నచ్చేసింది, మ్యాచ్ కంటే అదే ఎక్కువ చూశారు.

ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ స్టేడియం రూఫూ ఏసీ అలవాటైనవాళ్లు టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోకండి.